స్కానింగ్ నార్మల్ అన్నారు, మరి ఈ నొప్పి ఎక్కడిది?

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తోంది. పద్నాలుగో ఏట నుంచీ నెలసరి వచ్చిందంటే మొదటి రెండు రోజులు మంచం దిగదు. ఈ రెండేళ్లుగా నాలుగు రోజుల ముందే నొప్పి మొదలవుతోంది. ఆ రోజుల్లో మోషన్‌కు వెళ్లాలన్నా భయపడుతోంది, అంత నొప్పి. గ్యాస్ట్రో డాక్టరు ఐబీఎస్ (పేగుల పనితీరులో తేడా వల్ల వచ్చే పొట్టనొప్పి) అన్నారు, మందులు వాడినా తేడా లేదు. పొట్ట మీద నుంచి తీసిన స్కానింగ్ నార్మల్. నెలసరి రెండో రోజున ఇచ్చిన రక్తంలో సీఏ-125 అనేది 48 వచ్చింది. అది కేన్సర్ పరీక్ష అని నెట్‌లో చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఇంకో డాక్టరుగారు ఎండోమెట్రియోసిస్ కావచ్చు, ల్యాపరోస్కోపీ (పొట్టలోకి కెమెరా పెట్టి చూడటం) చేస్తేగానీ చెప్పలేం అన్నారు. ఉమ్మితో తేల్చే పరీక్ష వచ్చిందట కదా అంటోంది అమ్మాయి. పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందని మా ఆడపడుచు. నాకు 36వ ఏట గర్భసంచి తీసేశారు. నా నుంచే వచ్చిందా? అసలిది ఎందుకు వస్తుంది, ఎలా తేలుతుంది?
– ఒక తల్లి, తణుకు

సమాధానం: ముందు మీ నిద్ర చెడగొట్టిన కాగితం సంగతి చూద్దాం. సీఏ-125 ఒక ప్రొటీన్. పొట్ట లోపలి పొరకు, గర్భసంచి లోపలి పొరకు ఎక్కడ రాపిడి కలిగినా, వాపు వచ్చినా అది రక్తంలో పెరుగుతుంది. 35 లోపు ఉంటే మామూలు అంటారు. ఏ జబ్బూ లేని అమ్మాయిలోనూ నెలసరి రోజుల్లో అది పైకి పోతుంది. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలున్నా, గర్భంతో ఉన్నా, కాలేయం చెడి పొట్టలో నీరు చేరినా అంతే. పొట్టలో టీబీ ఉంటే వందలు దాటొచ్చు. దాన్ని చూసి అండాశయ కేన్సర్ అనుకుని పొట్ట తెరిచిన సందర్భాలు మన దేశపు వైద్య పత్రికల్లో తరచూ కనిపిస్తాయి. 22 ఏళ్ల అమ్మాయికి, స్కాన్‌లో గడ్డ ఏదీ లేకుండా, నెలసరి రెండో రోజు రక్తంలో 48 వస్తే కేన్సర్ ఊసెత్తాల్సిన పని లేదు. ఆ అంకెతో ఎండోమెట్రియోసిస్ కూడా తేలదు. ఆ జబ్బు ఉండి కూడా 35 దాటని వాళ్లు, ముఖ్యంగా తొలి దశల్లో, చాలామంది. యూరప్‌లోని సంతాన వైద్యుల సంఘం ఎష్రే 2022 మార్గదర్శకాల్లో ఈ జబ్బు నిర్ధారణకు ఇలాంటి రక్తపరీక్షలు వాడొద్దనే రాసింది. మళ్లీ చేయించకండి. ఆ డబ్బుకు మంచి స్కానింగ్ పని ఉంది.

మీ ఉత్తరంలో అసలు ఆధారం వేరే ఉంది, మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. అదే మోషన్‌కు వెళ్లేటప్పటి నొప్పి. అమ్మాయిని ఒక్క మాట అడగండి: మిగతా మూడు వారాలూ మోషన్ మామూలుగా ఉంటుందా? ఐబీఎస్ కూడా నెలసరికి కాస్త రెచ్చిపోవచ్చు గానీ, మిగతా నెలంతా దాని ఛాయలు ఉంటూనే ఉంటాయి, మోషన్ అయ్యాక సాధారణంగా పొట్ట తేలికపడుతుంది. నెలంతా ఏమీ లేకుండా సరిగ్గా ఆ నాలుగైదు రోజులే గుచ్చినట్టు నొప్పి వస్తోందంటే, గర్భసంచికి వెనక, మలాశయానికి ముందు ఉండే సందులో ఏదో ఉందేమోనని అనుమానించాలి. ఎండోమెట్రియోసిస్‌కు అది బాగా ఇష్టమైన చోటు. కొలనోస్కోపీ చేయించమని ఎవరైనా అంటే ఇది గుర్తుపెట్టుకోండి: ఈ జబ్బు పేగును బయటి నుంచి లోపలికి తొలుస్తుంది. పేగు లోపలి పొర దాకా రావడం అరుదు కాబట్టి కెమెరా లోపల తిరిగొచ్చి ‘అంతా బాగుంది’ అనే చెబుతుంది.

జబ్బు ఏమిటో రెండు ముక్కల్లో. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం గర్భసంచి బయట పెరగడం. నెలనెలా హార్మోన్లకు అది కూడా స్పందిస్తుంది, అక్కడే రక్తం కారుతుంది, చుట్టూ వాపు, మచ్చ కట్టడం, ఒక అవయవం ఇంకోదానికి అతుక్కోవడం. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి, ప్రపంచం మొత్తమ్మీద 19 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మూడు రూపాల్లో కనిపిస్తుంది. పొట్ట లోపలి పొర మీద మిల్లీమీటర్ల సైజు చుక్కలుగా ఉండేది మొదటిది, ఎక్కువమందిలో ఉండేది ఇదే. అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి రెండోది. ఆ రక్తం చిక్కబడి గోధుమరంగుకు తిరుగుతుంది కాబట్టి దాన్నే చాక్లెట్ సిస్ట్ అంటారు. పొరను దాటి లోతుకు దిగి, గర్భసంచిని వెనక నుంచి పట్టి ఉంచే లిగమెంట్లలో, పేగులో, మూత్రాశయంలో గట్టి కణుపులు కట్టేది మూడోది. మీ అమ్మాయి లక్షణాలు ఈ మూడోదాని వైపు వేలు చూపిస్తున్నాయి.

ఇప్పుడు ‘స్కానింగ్ నార్మల్’ అన్న మాటకు వద్దాం. పొట్ట మీద జెల్ రాసి చేసే స్కాన్‌లో చాక్లెట్ సిస్ట్ ఉంటే సాధారణంగా కనబడుతుంది. మొదటి రకం చుక్కలు ఏ స్కాన్‌లోనూ కనబడవనే అనుకోవాలి. మూడో రకం కణుపులు గర్భసంచి వెనక దాగి ఉంటాయి, పొట్ట గోడ నుంచి అంత దూరం, మధ్యలో పేగులు, గ్యాసు. కాబట్టి మీ చేతిలో ఉన్న రిపోర్టు ‘పెద్ద సిస్ట్ లేదు’ అని మాత్రమే చెబుతోంది. జబ్బు లేదనడానికి దాన్ని వాడకూడదు.

కావలసింది యోని ద్వారా చేసే స్కాన్, టీవీఎస్ అంటారు. అది కూడా మామూలుగా పది నిమిషాల్లో గర్భసంచి, అండాశయాలు కొలిచి పంపించేది సరిపోదు. ఈ జబ్బు కోసం ఎలా చూడాలో 2016లో ఐడియా అనే అంతర్జాతీయ నిపుణుల బృందం నాలుగు అంచెలుగా రాసిపెట్టింది. మొదట గర్భసంచి, అండాశయాలు. గర్భసంచి గోడలోనే ఈ కణజాలం చేరే అడినోమయోసిస్ ఉందేమో కూడా ఇక్కడే చూస్తారు. రెండోది చేతి పని. ప్రోబ్‌తో (లోపలికి పంపే స్కాన్ పరికరం) మెల్లగా తాకుతూ ఏ చోట నొక్కితే ‘అదే నొప్పి’ అంటుందో గుర్తిస్తారు, అండాశయం కదులుతోందా, గర్భసంచికి అతుక్కుపోయిందా చూస్తారు. రెండు అండాశయాలూ గర్భసంచి వెనక ఒకదానికొకటి తగులుతూ ఉంటే లోపల అతుకులు ఉన్నట్టు లెక్క.

మూడో అంచె పేరు స్లైడింగ్ సైన్. డాక్టరు ప్రోబ్‌తో గర్భసంచి మూతిని కాస్త నెడతారు. ఆరోగ్యంగా ఉంటే వెనక ఉన్న పేగు ముందు గోడ, తడి అరిటాకు మీద ఇంకో అరిటాకు జారినట్టు, గర్భసంచి వెనక గోడ మీద జారుతూ తెరపై కనబడుతుంది. అతుక్కుని ఉంటే గంజి పెట్టి ఆరేసిన బట్ట మడతల్లా రెండూ కలిసే కదులుతాయి. నిమిషం పట్టదు, కొత్త మిషను అక్కర్లేదు, ఖర్చు లేదు. అయినా మన దగ్గర మామూలు పెల్విస్ స్కాన్ రిపోర్టుల్లో ఈ మాట కనిపించడం అరుదు, ఎందుకంటే చూడమని ఎవరూ అడగరు. నాలుగో అంచెలో మూత్రాశయం నుంచి మలాశయం దాకా ఒక్కొక్క చోటూ కణుపుల కోసం వెతికి, ఉంటే మూడు వైపులా కొలత రాస్తారు. దీంతోపాటు పొట్ట మీద నుంచి రెండు కిడ్నీలూ చూడమనండి. కణుపు మూత్రనాళాన్ని నొక్కితే కిడ్నీ నొప్పి లేకుండానే ఉబ్బి చెడిపోతుంది. అరుదే గానీ, ఆలస్యంగా తెలిస్తే కిడ్నీ పోతుంది.

చీటీ మీద ‘పెల్విస్ స్కాన్’ అని రాస్తే మళ్లీ పాత రిపోర్టే వస్తుంది. ‘డీప్ ఎండోమెట్రియోసిస్ అనుమానం, టీవీఎస్, స్లైడింగ్ సైన్, లిగమెంట్లు, మలాశయం, కిడ్నీలు చూడగలరు’ అని రాయించుకోండి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ‘మీ దగ్గర ఎండోమెట్రియోసిస్ మ్యాపింగ్ చేసేవారు ఎవరు, ఎంతసేపు పడుతుంది’ అని అడగండి. అరగంట అన్నవాళ్లను నమ్మొచ్చు. నెలసరిలో ఫలానా రోజే చేయించాలన్న నియమం లేదు.

పెళ్లి కాని అమ్మాయికి ఇది చేయొచ్చా అని మీరు ఉత్తరంలో అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. చాలా సెంటర్లలో అడగకుండానే ‘పెళ్లి కాలేదు కదా’ అని పొట్ట మీద స్కాన్‌తో సరిపెడతారు, జబ్బు ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి మన దగ్గర ఇదో పెద్ద కారణం. మీ అమ్మాయి మేజరు. విషయం వివరించి ఆమెనే అడగాలి, ఒప్పుకోవడం మానడం ఆమె ఇష్టం. వద్దంటే మలద్వారం ద్వారా అదే ప్రోబ్‌తో చూడొచ్చు, అలవాటున్నవారు చేస్తే సమాచారం చాలావరకు వస్తుంది. అదీ వద్దనుకుంటే ఎంఆర్ఐ.

ఎంఆర్ఐ కూడా అడిగే తీరులో అడగాలి. 1.5 టెస్లా (మిషను అయస్కాంత శక్తి కొలత) లేదా అంతకు పై మిషను మీద, ఎండోమెట్రియోసిస్ ప్రోటోకాల్ అని చెప్పాలి. నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, మూత్రాశయం సగం నిండి ఉండాలి. పొంగిపొర్లేంత నిండితే గర్భసంచి ఒరిగిపోతుంది, పూర్తిగా ఖాళీ అయితే ముందు భాగం సరిగా తెలియదు. పేగులు కదిలితే బొమ్మ చెదురుతుంది కాబట్టి స్కాన్‌కు ముందు బస్కోపాన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇవ్వకుండా తీసిన ఎంఆర్ఐలో పేగు దగ్గరి చిన్న కణుపులు కదలికలో కలిసిపోతాయి. ఫిలింలతోపాటు సీడీ తప్పకుండా తీసుకోండి. రెండో అభిప్రాయం అడిగితే డాక్టర్లు చూసేది అదే.

రెండు స్కాన్లలోనూ ఏమీ లేకపోతే? మొదటి రకం చుక్కలు ఉండే అవకాశం అప్పటికీ ఉంది. ఇక్కడే ల్యాపరోస్కోపీ ప్రశ్న వస్తుంది. మీకు చెప్పిన డాక్టరుగారి మాట ఇదివరకటి పాఠ్యపుస్తకాల ప్రకారం సరైనదే. పొట్టలోకి కెమెరా పెట్టి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపితేనే నిర్ధారణ అని దశాబ్దాల పాటు నేర్పారు. ఆ పద్ధతి వల్ల జరిగింది ఏమిటంటే, ఆపరేషన్ దాకా వెళ్లేవరకు జబ్బుకు పేరు లేదు, పేరు లేదు కాబట్టి మందు లేదు. బ్రిటన్‌లో లక్షణాలు మొదలైనప్పటి నుంచి నిర్ధారణ దాకా సగటున 8 ఏళ్లు పడుతోందని అక్కడి రోగుల సంఘం 2020లో లెక్కతేల్చింది. 2022లో ఎష్రే ఆ పట్టు సడలించింది. లక్షణాలు సరిపోతూ ఉంటే స్కాన్ నార్మల్‌గా ఉన్నా హార్మోన్ మందులు మొదలుపెట్టవచ్చు, స్కాన్లలో ఏమీ తేలక, మందులు పని చేయనప్పుడో, వాడటానికి వీల్లేనప్పుడో ల్యాపరోస్కోపీ ఆలోచించాలి అంది. కాబట్టి మీ అమ్మాయి విషయంలో ల్యాపరోస్కోపీ మొదటి మెట్టు కానక్కర్లేదు.

ఎప్పటికైనా చేయించాల్సి వస్తే కొన్ని మాటలు ముందే మాట్లాడుకోండి. ‘చూడటానికి ఒకసారి, తీయడానికి ఇంకోసారి’ అనకుండా, చూసినప్పుడే తీయగలిగిన సర్జన్ కావాలి. పేగు దగ్గర కణుపు ఉందని స్కాన్‌లో ముందే తెలిస్తే పేగుల సర్జన్ కూడా సిద్ధంగా ఉంటారు. మ్యాపింగ్ స్కాన్ ముందు చేయించమనేది అందుకే. పుండ్లు నల్లగా కాలిన మచ్చల్లానే ఉంటాయనుకుంటే పొరపాటు, వయసులో చిన్నవాళ్లలో ఎర్రగా, లేదా నీటిబొట్టులా పారదర్శకంగా కూడా ఉంటాయి. అలవాటు లేని కంటికి అవి ఆనవు. ముక్కను పరీక్షకు పంపారా, ఫొటోలు వీడియో ఇస్తారా అడగండి. అండాశయంలో సిస్ట్ తీయాల్సి వస్తే ముందు అండాల నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్ష చేయించాలి, ఎందుకంటే సిస్ట్ గోడతోపాటు మంచి అండాలు కొన్ని పోతాయి. రిపోర్టులో ఒకటి నుంచి నాలుగు దాకా స్టేజీ రాస్తారు. దానికీ నొప్పికీ లంకె తక్కువ, ఒకటో స్టేజీలో అల్లాడేవాళ్లున్నారు, నాలుగో స్టేజీలో పిల్లలు కాలేదని పరీక్ష చేస్తేగానీ తెలియనివాళ్లున్నారు.

మందులతో మొదలుపెట్టడం అంటే సాధారణంగా ప్రొజెస్టెరాన్ లాంటి హార్మోన్ మాత్ర డైనోజెస్ట్ 2 మిల్లీగ్రాములు, రోజూ ఒకే వేళకు, ఆపకుండా. లేదా గర్భనిరోధక మాత్రలు. ఆ మాట విని కంగారుపడకండి, ఇక్కడ వాటి పని నెలసరి రాకుండా ఆపి లోపలి పుండ్లను నిద్రపుచ్చడం. ఏది ఇవ్వాలో డాక్టరే తేల్చాలి. కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి ఉన్నా, బీపీ ఉన్నా ఆ మాట ముందే చెప్పాలి. డైనోజెస్ట్‌తో మొదటి మూడు నెలలు మధ్యమధ్య మరకలు కనబడటం మామూలు. అది చూసి మందు పడలేదని ఆపేస్తారు చాలామంది. మనసు కుంగినట్టు ఉంటే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి. మూడు నెలలైనా చూడకుండా తీర్పు చెప్పొద్దు. ఇంకో మెలిక: మందుతో నొప్పి తగ్గినంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ అని రుజువైనట్టు కాదు, మామూలు నెలసరి నొప్పి కూడా ఈ మందుతో తగ్గుతుంది. తగ్గకపోతే జబ్బు లేదనీ కాదు.

ఉమ్మి పరీక్ష నిజమే. ఫ్రాన్స్‌లో జివిగ్ అనే సంస్థ తయారుచేసింది. ఉమ్మిలో ఉండే మైక్రో ఆర్ఎన్ఏ అనే చిన్న ముక్కల్లో 109 రకాల తీరు చూసి కంప్యూటరు లెక్కతో చెబుతుంది. 2023లో వచ్చిన ఫలితాల్లో 200 మందిని పరీక్షిస్తే జబ్బున్నవాళ్లలో 96 శాతం మందిని పట్టింది, లేనివాళ్లలో 95 శాతం మందికి లేదనే చెప్పింది. వినడానికి అద్భుతం. అయితే ఆ 200 మందీ అప్పటికే గట్టి అనుమానంతో ఆసుపత్రికి వచ్చినవాళ్లు, అయిదుగురిలో దాదాపు నలుగురికి జబ్బు ఉంది. అదే పరీక్షను దారిన పోయే వెయ్యి మందికి చేస్తే ఏమవుతుందో వేలు మడిచి లెక్కేద్దాం. వెయ్యిలో వందమందికి జబ్బు ఉంటుంది, వారిలో 96 మందికి పాజిటివ్ వస్తుంది. లేని 900 మందిలో 5 శాతం అంటే 45 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. మొత్తం 141 పాజిటివ్‌లలో 45 తప్పు, దాదాపు మూడింట ఒకటి. అందుకే 2024లో ఫ్రాన్స్ ఆరోగ్య సంస్థ దీన్ని అందరికీ తెరవలేదు. లక్షణాలుండి, స్కాన్లలో తేలని 18 నుంచి 43 ఏళ్ల స్త్రీలకు, మరింత సమాచారం సేకరిస్తూ ఇవ్వొచ్చంది. పాజిటివ్ వచ్చినా జబ్బు ఎక్కడ ఉందో, ఎంత లోతుందో ఉమ్మి చెప్పదు. సర్జన్‌కైనా, మందు ఎంచుకోవడానికైనా కావలసింది ఆ చిరునామానే. ఎవరైనా విదేశాల నుంచి కిట్ తెప్పిస్తామంటే ఇప్పటికి తొందరపడొద్దు.

ఇదే దారిలో ఇంకొన్ని నడుస్తున్నాయి. న్యూయార్క్‌లోని ఫైన్‌స్టీన్ సంస్థ రోజ్ అనే పేరుతో నెలసరి రక్తాన్నే పరీక్షిస్తోంది. ఇన్నాళ్లూ పారేస్తూ వచ్చిన ఆ రక్తంలో గర్భసంచి పొర కణాలు నేరుగా దొరుకుతాయి కాబట్టి మాకైతే ఈ ఆలోచన మిగతావాటికన్నా సూటిగా అనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో, స్కాన్‌లో కనబడని చుక్కలను ప్రత్యేకమైన రేడియోధార్మిక ద్రవ్యం ఎక్కించి వెలిగించే ప్రయత్నం జరుగుతోంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీవీఎస్, ఎంఆర్ఐ బొమ్మలను కలిపి కంప్యూటరుకు నేర్పుతున్నారు.

ఇక ఎందుకు వస్తుందన్న ప్రశ్న. అమెరికాలో ఆల్బనీ ఊరి వైద్యుడు జాన్ శాంప్సన్ 1927లో చెప్పిన మాట ఇప్పటికీ కేంద్రంలో ఉంది: నెలసరి రక్తం కొంత కిందికి రాకుండా ఫెలోపియన్ ట్యూబుల గుండా వెనక్కి పోయి పొట్టలో పడుతుంది, దాంతోపాటు పోయిన కణాలు అక్కడ నాటుకుంటాయి. పుట్టుకతో దారి మూసుకుపోయి రక్తం బయటికి రాలేని ఆడపిల్లల్లో ఈ జబ్బు ఎక్కువగా ఉండటం దీనికి బలమైన సాక్ష్యం. చిక్కల్లా ఒక్కటే. నెలసరి వేళ పరీక్షించి చూస్తే 90 శాతం దాకా స్త్రీలలో రక్తం వెనక్కి పోతూనే ఉంది, జబ్బు వచ్చేది పదిమందిలో ఒకరికి. విత్తనం అందరి పెరట్లోనూ పడుతోంది, మొలిచేది కొన్నిచోట్లే. గర్భసంచే లేకుండా పుట్టినవారిలో, చాలా అరుదుగా మగవారిలో కూడా ఈ పుండ్లు కనబడ్డాయి. పొట్ట పొర కణాలే మారిపోవచ్చు, పిండంగా ఉన్నప్పుడే కొన్ని కణాలు దారితప్పి ఉండొచ్చు, రక్తనాళాల్లో ప్రయాణించి ఉండొచ్చు అనే వాదనలు అందుకే నిలిచి ఉన్నాయి. ఊపిరితిత్తుల పొర మీద దొరికే పుండ్లను వెనక్కి పారిన రక్తం ఒక్కదానితో వివరించడం కష్టం.

ఇప్పటి పరిశోధన ‘విత్తనం ఎలా వచ్చింది’ నుంచి ‘నేల ఎందుకు ఒప్పుకుంది’ వైపు మళ్లింది. పొట్టలో పడిన కణాలను ఊడ్చేయాల్సిన మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలు ఈ స్త్రీలలో ఊడ్చకపోగా వాటికి రక్తనాళాలు పెరిగేలా సాయం చేస్తాయి. పుండు తనకు కావలసిన ఈస్ట్రోజెన్‌ను తానే తయారు చేసుకుంటుంది, ‘ఇక చాలు’ అని చెప్పే ప్రొజెస్టెరాన్ మాట వినదు. కొందరికి డైనోజెస్ట్ పనిచేయకపోవడానికి ఇదొక కారణం. పుండులోకి నరాలు కూడా పెరుగుతాయి. ఏళ్ల తరబడి ఆ నొప్పి సంకేతాలు అందుకున్న వెన్నుపాము, మెదడు చిన్న తాకిడికే పెద్దగా అరవడం నేర్చుకుంటాయి. నెలసరికి ముందు రోజుల్లోకీ నొప్పి పాకడం, ఆపరేషన్‌లో పుండు తీసేసినా కొందరికి నొప్పి మిగలడం వెనక ఇది కూడా ఉంటుంది. ఏళ్లు ఓర్చుకొమ్మని చెప్పే సలహా అందుకే చెడ్డది.

2023లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం ఒక బ్యాక్టీరియాను ముందుకు తెచ్చింది. నోట్లో, చిగుళ్లలో ఉండే ఫ్యూసోబాక్టీరియం జబ్బున్నవారిలో 64 శాతం మంది గర్భసంచి పొరలో దొరికింది, లేనివారిలో 10 శాతం లోపే. ఎలుకల్లో యాంటీబయాటిక్ ఇస్తే పుండ్లు తగ్గాయి. మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు, అందుకే మెడికల్ షాపులో మెట్రోనిడజోల్ అనే ఆ యాంటీబయాటిక్ కొని వేసుకోవడానికి ఇది కారణం కాకూడదు. మన దగ్గర ఆ మందు చీటీ లేకుండా దొరుకుతుంది కాబట్టే ప్రత్యేకంగా చెబుతున్నాం.

‘నా నుంచే వచ్చిందా?’ అన్నారు. కవలల మీద ఆస్ట్రేలియాలో, స్వీడన్‌లో జరిగిన అధ్యయనాల ప్రకారం ఈ జబ్బు రావడంలో దాదాపు సగం వాటా వంశపారంపర్యానిది. తల్లికో అక్కకో ఉంటే అవకాశం కొన్ని రెట్లు ఎక్కువ. అలాగని ఒక జన్యువు తల్లి చేతి నుంచి కూతురి చేతికి వచ్చినట్టు కాదు. 2023లో ఆక్స్‌ఫర్డ్ నాయకత్వంలో 60,674 మంది రోగుల జన్యువులను పోల్చి చూస్తే తేడాలున్న చోట్లు 42 తేలాయి, ఒక్కొక్కటీ చేసే పని చాలా చిన్నది. మైగ్రేన్‌తో, ఒంట్లో పలుచోట్ల ఉండే దీర్ఘకాలపు నొప్పులతో కూడా ఆ జన్యువుల్లో కొన్నిటికి సంబంధం ఉంది. అందులో ఉన్నవారంతా యూరప్, తూర్పు ఆసియా మూలాలవాళ్లే, మనవాళ్లు లేరు. ఆ లోటు తీర్చడానికి ముంబైలోని ఐసీఎంఆర్ పునరుత్పత్తి ఆరోగ్య సంస్థ ఈసీజీఆర్ఐ పేరుతో మన దేశపు స్త్రీల మీద పలు ఆసుపత్రుల్లో అధ్యయనం నడుపుతోంది. దక్షిణాది స్త్రీల జన్యువుల మీద హైదరాబాద్ శాస్త్రవేత్తలు కూడా పనిచేశారు. తిండి వల్ల, పులుపు వల్ల, బరువులెత్తడం వల్ల ఇది వస్తుందనడానికి ఆధారం లేదు.

మీ గర్భసంచి ఎందుకు తీశారో మాత్రం తెలుసుకోవడం మేలు. దేశంలో గర్భసంచి తీయించుకున్నవారి శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు మన రెండూనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. ‘గర్భసంచి వాపు’, ‘పుండు’ అన్న ఒక్క మాట తప్ప చాలామంది దగ్గర వివరం ఉండదు. తీసిన గర్భసంచిని పరీక్షకు పంపి ఉంటే హిస్టోపాథాలజీ రిపోర్టు అనే కాగితం ఉంటుంది. పాత ఫైలు వెతకండి, లేకపోతే ఆ ఆసుపత్రిలో అడగండి. అందులో అడినోమయోసిస్ అనో, ఎండోమెట్రియోసిస్ అనో ఉంటే అమ్మాయి డాక్టరుకు చూపించండి. ‘ఫ్యామిలీ హిస్టరీ’ గడిలో ఒక ఖాళీ నిండుతుంది. మీ అమ్మాయికి కూడా అదే దారి అని ఎవరైనా అంటే వినకండి. ఈ జబ్బు గర్భసంచి బయట ఉంటుంది, గర్భసంచి తీస్తే బయట ఉన్నది పోదు.

పెళ్లి సంగతి. గర్భం వచ్చినప్పుడు నెలసరి ఆగుతుంది కాబట్టి కొందరికి ఆ కొన్ని నెలలు ఉపశమనం ఉంటుంది, తర్వాత తిరగబెట్టొచ్చు. జబ్బుకు మందుగా గర్భం ధరించమని సలహా ఇవ్వకూడదని ఎష్రే రాతపూర్వకంగానే చెప్పింది. పైగా మీ అమ్మాయి లక్షణాలు గర్భసంచి వెనక సందు వైపు చూపిస్తున్నాయి, అక్కడ పుండు ఉంటే దాంపత్యంలో నొప్పి ఉంటుంది. వైద్యం లేకుండా పెళ్లి చేస్తే ఆ నొప్పి ఎవరికీ చెప్పుకోలేనిదవుతుంది. పిల్లల విషయంలో కొందరికి ఆలస్యం, ఇబ్బంది ఉండొచ్చు గానీ, చాలామందికి మామూలుగానే పుడతారు. మీ ఆడపడుచుగారికి ఈ పేరా చదివి వినిపించండి.

టీవీఎస్ అయ్యేలోపు నొప్పి మాత్రల తీరు మార్చండి. నొప్పి నెత్తికెక్కాక వేసుకుంటే సగమే పనిచేస్తాయి, ఎందుకంటే నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అప్పటికే తయారైపోయి ఉంటాయి. నొప్పి మొదలవుతున్నట్టు అనిపించగానే, అన్నం తిన్నాక, డాక్టరు చెప్పిన మోతాదులో రెండు మూడు రోజులు వేళకు వేసుకోవాలి. మన దగ్గర ఎక్కువమంది వాడేది మెఫెనమిక్ యాసిడ్ ఉన్న మాత్రలే. వాటితో అరుదుగా జ్వరం, ఒంటినిండా దద్దుర్లు, ముఖం వాపుతో తీవ్రమైన రియాక్షన్ వస్తుందని 2023 నవంబరులో భారత ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో ఎప్పుడైనా రావచ్చు, దద్దురు కనబడితే ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు ఈ రకం మాత్రలు అడగకుండా వేసుకోకూడదు.

అమ్మాయిని ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోమనండి. ఫోన్‌లో అయినా సరే. రోజుకు ఒక్క వరస చాలు: తేదీ, నెలసరిలో ఎన్నో రోజు, నొప్పి పదికి ఎంత, ఎక్కడ, మోషన్ మూత్రం అప్పుడు ఉందా, ఏ మాత్ర ఎన్ని, ఆఫీసు మానిందా. ‘12వ తేదీ, నెలసరికి రెండు రోజుల ముందు, 7, నడుము కింద, మోషన్‌కు 9, మాత్రలు రెండు, సెలవు’ అన్నంత. రెండు నెలలు నిండితే డాక్టరు పది నిమిషాల్లో అడగలేనివన్నీ అందులో ఉంటాయి, ఐబీఎస్సా కాదా అన్నది కూడా ఆ తేదీలే చెబుతాయి. బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండటం లాంటివి ఉంటే అవీ రాయండి, పొట్ట టీబీ, గర్భసంచి టీబీ ఇదే వేషంలో వస్తాయి కాబట్టి ఆ పరీక్షలు వేరే ఉంటాయి.

ఒకవైపు ఉన్నట్టుండి పొడిచినట్టు నొప్పి వచ్చి వాంతులైనా, జ్వరం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, మోషన్‌లోనో మూత్రంలోనో రక్తం కనబడినా మాత్రం ఈ వరసలేవీ చూడకుండా, హాస్టల్లో ఉన్నవాళ్ల సాయంతో ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లమని అమ్మాయికి చెప్పి ఉంచండి.